పెర్ల్‌లో చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ సర్వీసు: కాటా కంప్యూటర్ నుంచి లెక్కల కంప్యూటర్‌కి లాట్లు పంపాలి

ఆదోని_కాటా:

అందరికీ నమస్కారం. మాది ఆదోని, యార్డు దగ్గర ఒక పత్తి మండీలో సిస్టమ్ పని చూస్తుంటాను. ముందు రూంలో కాటా పక్కన ఒక కంప్యూటర్ ఉంది, కాటా నుంచి దానికి సీరియల్ కేబుల్ వస్తుంది, బరువు చదివే పెర్ల్ స్క్రిప్ట్ (పెర్ల్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం) ఎప్పటినుంచో నడుస్తోంది, దాంతో ఏ ఇబ్బందీ లేదు. వెనక రూంలో గుమాస్తా దగ్గర లెక్కల కంప్యూటర్. కాటా దగ్గర తూగిన లాట్లు కాగితం మీద రాసి లోపలికి పంపితే ఆయన మళ్లీ మొదటినుంచి కొట్టుకోవాలి. సీజన్లో బండ్లు వరస కట్టినప్పుడు రైతు తన పట్టీ (లెక్క కాగితం) చేతికి వచ్చేదాకా అట్లే నిలబడి ఉంటాడు, పొద్దున కోసిగి నుంచి వచ్చిన మనిషి సాయంత్రం దాకా. నాకు అసలు బాధ అదే.

కావాల్సింది పెద్దదేమీ కాదు. కాటా కంప్యూటర్లో ఒక చిన్న సర్వీసు దానంతట అది నడవాలి (అపాచీ లాంటి పెద్ద వెబ్ సర్వర్లు వేయను, ఆ మెషిన్‌లో ఉన్నది 4 జీబీ ర్యామ్), లెక్కల కంప్యూటర్ నుంచి క్లయింట్ స్క్రిప్ట్ (అడిగే వైపు ప్రోగ్రాం) అడగ్గానే ఆ రోజు లాట్లు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (ట్యాగుల మధ్య డేటా రాసే పద్ధతి) రావాలి, తర్వాత అదే స్క్రిప్ట్ వాటిని అకౌంట్స్ ప్యాకేజీకి ఇవ్వాలి, అది అడిగేది కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్లే. రెండూ విండోస్ 10, రెండింట్లోనూ స్ట్రాబెర్రీ పెర్ల్ (విండోస్ కోసం చేసిన పెర్ల్). ఒక లాట్ ఇలా ఉంటుంది, ట్యాగులు కూడా తెలుగులోనే పెట్టాను:

<లాట్ నంబరు="37">
<ఊరు>కోసిగి</ఊరు>
<సరుకు>పత్తి</సరుకు>
<కిలోలు>412</కిలోలు>
<ధర>7150</ధర>
</లాట్>

సర్వర్ (జవాబిచ్చే వైపు ప్రోగ్రాం) హెచ్‌టీటీపీ డెమన్ అనే పెర్ల్ మాడ్యూల్‌తో రాశాను. లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ మాడ్యూల్‌తో డాక్యుమెంట్ కట్టి, టూస్ట్రింగ్ చేసి (టెక్స్ట్‌గా మార్చి), దాన్ని యూటీఎఫ్-8కి (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఎన్‌కోడ్ చేసి పంపుతున్నాను. క్లయింట్ వైపు అడిగి తెచ్చుకోవడానికి ఎల్‌డబ్ల్యూపీ మాడ్యూల్, వచ్చింది చదవడానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ సింపుల్. నడుస్తోంది కానీ మూడు చోట్ల తన్నుతోంది.

ఊరి పేర్లు, సరుకు పేర్లు అటు చేరేసరికి పిచ్చి గుర్తులైపోతున్నాయి, ఇంగ్లీషు ఏ మీద వాలుగీత, పక్కన డిగ్రీ గుర్తు, అదే మళ్లీ మళ్లీ. రెండోది, పొద్దున మొదటి లాట్ ఒక్కటే ఉన్నప్పుడు క్లయింట్ 'నాట్ యాన్ అర్రే రిఫరెన్స్' అని ఆగిపోతుంది, రెండో లాట్ పడగానే అదే బాగైపోతుంది. మూడోది టెన్షన్ పెట్టేది: ఎవరైనా బ్రౌజర్లో సర్వర్ అడ్రస్ తెరిచి అలా వదిలేస్తే క్లయింట్‌కి జవాబే రాదు, బ్రౌజర్ మూసేస్తే అప్పుడు కదులుతుంది.

ఇదంతా చూసి తెలిసినాయన ఒకరు సోప్ లైట్‌కి (సోప్ అనే పెద్ద ఎక్స్‌ఎమ్‌ఎల్ సర్వీసు పద్ధతికి పెర్ల్ మాడ్యూల్) మారిపో, డబ్ల్యూఎస్‌డీఎల్ (ఆ సర్వీసు ఏమేం ఇస్తుందో చెప్పే ఫైల్) రాసుకో అన్నారు. మారాలంటారా?


బురుజు_కర్నూలు:

తమ్ముడూ, మారొద్దు. రెండు కంప్యూటర్లూ నీవే, రెండు చివర్లా స్క్రిప్ట్ రాసేది నువ్వే. సోప్ అవసరమయ్యేది అటు పక్క బ్యాంకో ప్రభుత్వ పోర్టలో ఉండి, వాళ్లు డబ్ల్యూఎస్‌డీఎల్ చేతికిచ్చి ఇదే పద్ధతి అన్నప్పుడు. నీ లాట్‌కి ఎన్వలప్, బాడీ, నేమ్‌స్పేస్‌లు తొడిగితే నీకు వచ్చేది ఏమీ లేదు, పైగా ఎక్కడ తప్పు జరిగిందో వెతకడం ఇంకా కష్టం. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆర్‌పీసీ అని 1998 నుంచి ఒక తేలికైన పద్ధతి ఉంది, అది కూడా నీకు అక్కర్లేదు. ఒక అడ్రస్, దానికి ఒక గెట్ రిక్వెస్ట్, జవాబుగా ఎక్స్‌ఎమ్‌ఎల్. ఇంతే సర్వీసు.

ఇప్పుడు ఆ పిచ్చి గుర్తుల సంగతి. నీ పోస్టులోనే జవాబు ఉంది. లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మొత్తం డాక్యుమెంట్ మీద టూస్ట్రింగ్ పిలిస్తే వచ్చేది అప్పటికే యూటీఎఫ్-8 బైట్లు. దాన్ని నువ్వు మళ్లీ ఎన్‌కోడ్ చేస్తున్నావు, అంటే రెండుసార్లు. 'ప' అనే అక్షరం తీసుకో. యూటీఎఫ్-8లో అది 224, 176, 170 అనే మూడు బైట్లు. ఆ మూడింటినీ పెర్ల్ మూడు వేరే వేరే అక్షరాలనుకుని ఇంకోసారి ఎన్‌కోడ్ చేస్తే 195, 160, 194, 176, 194, 170 అని ఆరవుతాయి. 224 అంటే నువ్వు చూస్తున్న ఆ వాలుగీత ఏ, 176 అంటే డిగ్రీ గుర్తు. తెలుగు అక్షరాలన్నీ 224తో మొదలై తర్వాత 176 గానీ 177 గానీ వస్తాయి, 177 అయితే డిగ్రీ బదులు ప్లస్ మైనస్ గుర్తు కనిపిస్తుంది. కాబట్టి ఆ రెండు గుర్తులు వరసగా కనబడితే ఎక్కడో రెండోసారి ఎన్‌కోడ్ అయిందని, లేదా యూటీఎఫ్-8ని లాటిన్-1 (ఐరోపా అక్షరాల పాత ఎన్‌కోడింగ్) అనుకుని ఎవరో చదివారని అర్థం. ఆ ఒక్క ఎన్‌కోడ్ లైను తీసేయ్.

ఒక జాగ్రత్త. డాక్యుమెంట్ మీద కాకుండా ఒక్క లాట్ నోడ్ (డాక్యుమెంట్‌లో ఒక భాగం) మీద టూస్ట్రింగ్ పిలిస్తే మాత్రం వచ్చేవి బైట్లు కావు, క్యారెక్టర్లు. అప్పుడు ఎన్‌కోడ్ చేయాల్సిందే, లేకపోతే 'కంటెంట్ మస్ట్ బీ బైట్స్' అని హెచ్‌టీటీపీ మెసేజ్ మాడ్యూల్ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆ ఎర్రర్ మంచిది, దాన్ని తప్పించుకోవడానికి అడ్డదారులు వెతకొద్దు. 'పత్తి' కంటికి రెండక్షరాలు, పెర్ల్‌కి 5 క్యారెక్టర్లు, వైరు మీద 15 బైట్లు. ఈ తేడా వల్లే కంటెంట్ లెంగ్త్ హెడర్ (జవాబు ఎన్ని బైట్లో చెప్పే లైను) చేత్తో రాయొద్దు అంటాను, డెమన్ తనే బైట్లు లెక్కేసి పెట్టుకుంటుంది. స్క్రిప్ట్‌లో తెలుగు ట్యాగులు రాస్తున్నావు కాబట్టి ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేసి, పైన యూజ్ యూటీఎఫ్8 లైను ఉండాలి. ట్యాగులు తెలుగులో ఉండటం తప్పేమీ కాదు, ఎక్స్‌ఎమ్‌ఎల్ ఒప్పుకుంటుంది. కానీ పొల్లు తర్వాత అక్షరం విడిగా రావడానికి కీబోర్డు పెట్టే కనబడని నాన్ జాయినర్ గుర్తు ట్యాగు పేర్లలోకి రానివ్వకు. ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే కంటికి రెండూ ఒకటే, పార్సర్‌కి (ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివే ప్రోగ్రాం) వేరు. కాపీ పేస్ట్ చేసినప్పుడు ఇలాగే దూరుతుంది.

క్లయింట్‌లో ఎల్‌డబ్ల్యూపీ ఇచ్చే కంటెంట్‌ని డీకోడ్ చేయకుండా బైట్లుగానే పార్సర్‌కి ఇవ్వు. ఎన్‌కోడింగ్ ఏమిటో పై డిక్లరేషన్ లైన్లో రాసి ఉంటుంది కదా, చదువుకునే పని పార్సర్‌ది. ఇంకొకటి, నల్ల కమాండ్ విండోలో ప్రింట్ చేసి తెలుగు బాగుందో లేదో తేల్చుకోకు, ఆ విండోకి తెలుగు ఒత్తులు గుణింతాలు కూర్చడం సరిగ్గా రాదు. ఫైల్లోకి రాసి బ్రౌజర్లో తెరిచి చూడు.

ఒక్క లాట్ ఉంటే ఆగిపోవడం ఎక్స్‌ఎమ్‌ఎల్ సింపుల్ స్వభావం. ఒక ట్యాగు ఒకసారే వస్తే దాన్ని హాష్ (పేరు, విలువ జతలు) చేస్తుంది, రెండుసార్లు వస్తే అర్రే (వరస లిస్టు) చేస్తుంది. ఫోర్స్ అర్రే అని ఆప్షన్ ఉంది, పెడితే ఆ తప్పు పోతుంది. అయితే దాని తర్వాత ఇంకోటి కాచుకుని ఉంటుంది, ఐడీ అనో నేమ్ అనో ఆట్రిబ్యూట్ ఉంటే దాన్నే కీ చేసి మడిచేస్తుంది. ఆ మాడ్యూల్ డాక్యుమెంటేషన్‌లోనే కొత్త కోడ్‌లో దీన్ని వాడొద్దని రాసి ఉంది. సర్వర్లో ఎలాగూ లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ వాడుతున్నావు, క్లయింట్‌లో కూడా అదే పెట్టి ఫైండ్‌నోడ్స్‌తో లాట్‌లు అడుగు. సున్నా ఉన్నా, ఒకటి ఉన్నా, వంద ఉన్నా వచ్చేది లిస్టే.

బ్రౌజర్ పట్టుకుని కూర్చోవడం: నీ సర్వర్లో బయట యాక్సెప్ట్ లూపు (కొత్త కనెక్షన్ తీసుకునేది), లోపల గెట్ రిక్వెస్ట్ లూపు (ఆ కనెక్షన్‌లో అడిగినవి చదివేది) ఉంటాయి కదా. బ్రౌజర్ కనెక్షన్ మూయదు, తర్వాత ఇంకేదో అడుగుదామని తెరిచే ఉంచుతుంది. నీ సర్వర్ లోపలి లూపులో దాని కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది, లెక్కల కంప్యూటర్ బయట వరసలో నిలబడుతుంది. ఒక జవాబు ఇవ్వగానే ఫోర్స్ లాస్ట్ రిక్వెస్ట్ పిలువు, ఆ కనెక్షన్ అక్కడితో ముగుస్తుంది. కానీ అది సగం మందే. క్రోమ్ లాంటివి ఏమీ అడగకుండానే ముందుగా ఒక కనెక్షన్ తెరిచి పెట్టుకుంటాయి, దానికి జవాబిచ్చే సందర్భమే రాదు. అందుకని యాక్సెప్ట్ అయిన ప్రతి కనెక్షన్ మీదా టైమౌట్ 5 సెకన్లు పెట్టు. ఇక్కడ చాలామంది ఆ టైమౌట్‌ని డెమన్ ఆబ్జెక్ట్‌కే పెడతారు, అలా పెడితే 5 సెకన్లు ఎవరూ రాకపోయినా యాక్సెప్ట్ ఖాళీగా తిరిగొచ్చి బయటి లూపే ముగిసిపోతుంది, సర్వర్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. కనెక్షన్ మీద పెట్టు, డెమన్ మీద కాదు.


అనంత_సర్వర్:

బురుజు అన్న చెప్పినవన్నీ సరైనవే కానీ నేనైతే హెచ్‌టీటీపీ డెమన్ దగ్గర ఆగను. మోజోలిషియస్ లైట్ అనే పెర్ల్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇదే సర్వీసు ఒక్క ఫైల్లో వస్తుంది, పెర్ల్‌తో వచ్చే మాడ్యూళ్లు తప్ప వేరే ఏవీ అడగదు, డెమన్ కమాండ్‌తో దానంతట అది నడుస్తుంది, విండోస్‌లో కూడా. ఈవెంట్ లూపు మీద (అన్ని కనెక్షన్లనూ ఒకేసారి చూసుకునే పద్ధతి) పనిచేస్తుంది కాబట్టి ఒక బ్రౌజర్ ఖాళీగా కూర్చున్నా మిగతావాళ్లకి అడ్డం రాదు, ఆ టైమౌట్ల గొడవ మనం పట్టించుకోనక్కర్లేదు. రేపు గుమాస్తా చూసుకోవడానికి చిన్న వెబ్ పేజీ కావాలన్నా అందులోనే పెట్టుకోవచ్చు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ బదులు జేసన్ (డేటా రాసే ఇంకో తేలిక పద్ధతి) అయితే సగం తలనొప్పి పోయేది, కానీ అటు పక్క ప్యాకేజీ ఎక్స్‌ఎమ్‌ఎల్ అడుగుతోంది కాబట్టి దాని గురించి వాదన వద్దు.

రెండు విషయాలు మాత్రం ఏది వాడినా చూసుకో అన్నా. లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ తప్పు ఎక్స్‌ఎమ్‌ఎల్ చూస్తే డై అవుతుంది, అంటే ప్రోగ్రామే ఆగిపోతుంది. రేపు సర్వర్‌కి పోస్ట్ (బయటి నుంచి డేటా తీసుకోవడం) కూడా పెడితే పార్స్ చేసే లైను ఇవాల్ (తప్పును పట్టుకునే బ్లాక్) లోపల ఉండాలి, పట్టుకుని 400 జవాబు (నువ్వు పంపింది తప్పు అనే కోడ్) ఇవ్వాలి, లేకపోతే ఎవరో ఒక ట్యాగు మూయడం మరిచినందుకు సర్వీసు మొత్తం పడిపోతుంది. రెండోది, విండోస్‌లో రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టొద్దు. లినక్స్‌లో అది మంచిదే, విండోస్‌లో మాత్రం ఒకే పోర్టు మీద రెండు ప్రోగ్రాములు కూర్చోవడానికి ఒప్పుకుంటుంది. పాత కాపీ వెనక నడుస్తూ ఉంటే జవాబు ఏది ఇస్తుందో చెప్పలేం, నువ్వు కోడ్ మారుస్తూనే ఉంటావు, మార్పు మాత్రం కనబడదు.


బురుజు_కర్నూలు:

మోజోలిషియస్ మంచిదే, కాదనను. కానీ తమ్ముడి దగ్గర నడుస్తున్న సర్వర్ ఉంది, రెండు లైన్లతో సరిపోయేదానికి సీజన్ మధ్యలో మొత్తం మార్చమనడం నాకు ఇష్టం లేదు. సీజన్ అయ్యాక తీరిగ్గా మార్చుకోనీ.


కడప_లెక్కలు:

సర్వర్ గురించి అందరూ చెప్పారు, నేను క్లయింట్ గురించి చెప్తా, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే అది రైతు పట్టీ మీద పడుతుంది.

బ్రదర్, మీ క్లయింట్ రెండు పనులు చేస్తుంది, కాటా నుంచి లాట్ తెస్తుంది, అకౌంట్స్ ప్యాకేజీకి ఇస్తుంది. తెచ్చుకోవడం ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. ఇవ్వడం అలా కాదు, రెండుసార్లు ఇస్తే ఒకే లాట్‌కి రెండు ఎంట్రీలు. అది ఎప్పుడు జరుగుతుందంటే, మీరు పంపారు, అటు ఎంట్రీ పడింది, జవాబు వచ్చేలోపు కరెంటు పోయింది. క్లయింట్‌కి జవాబు రాలేదు కాబట్టి మళ్లీ పంపుతుంది. 412 కిలోలు 824 అవుతాయి. అందుకని క్లయింట్ వైపు చిన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్ పెట్టండి. తేదీ, లాట్ నంబరు కలిపి ప్రైమరీ కీ, అంటే రెండోసారి రాకూడని గుర్తు (నంబరు ఒక్కటే చాలదు, రేపు మళ్లీ 1 నుంచి మొదలవుతుంది). పంపే ముందు 'పంపుతున్నాం' అని రాయండి, అటు నుంచి ఎంట్రీ పడిందని జవాబు వచ్చాకే 'పంపాం' అని మార్చండి. స్క్రిప్ట్ మళ్లీ లేచినప్పుడు 'పంపుతున్నాం' దగ్గర ఆగిన లాట్లు కనబడితే వాటిని తనంతట తాను మళ్లీ పంపకూడదు, గుమాస్తాకి చూపించాలి. ఆయన ప్యాకేజీలో ఆ లాట్ ఉందో లేదో చూసి చెప్తాడు. ఆ ఒక్క నిర్ణయం మనిషి చేతిలో ఉండటమే మేలు. ఎస్‌క్యూలైట్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు యూనికోడ్ ఆప్షన్ ఆన్ చేయండి, లేకపోతే బురుజు గారు చెప్పిన ఆ 224, 176 కథ ఈసారి డేటాబేస్‌లో మొదలవుతుంది.

ప్యాకేజీ జవాబులో హెచ్‌టీటీపీ 200 (సరే అనే కోడ్) చూసి పని అయిపోయిందనుకోకండి. ట్యాలీ లాంటిది అయితే మామూలుగా 9000 పోర్టు మీద ఎక్స్‌ఎమ్‌ఎల్ తీసుకుంటుంది, జవాబు కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే ఇస్తుంది, ఎన్ని ఎంట్రీలు కొత్తగా పడ్డాయి, ఎన్ని మారాయి, ఎన్ని తప్పులు అని అంకెలతో. కొత్తవి 1, తప్పులు 0 అని ఉంటేనే 'పంపాం'.

అకౌంట్స్ ప్యాకేజీల నుంచి వచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక్కోసారి &#4; అని ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0లో 32 కంటే తక్కువ కోడ్‌లలో 9, 10, 13 మాత్రమే చెల్లుతాయి, 4 చెల్లదు, లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అక్కడే ఆపేస్తుంది. పార్స్ చేసే ముందు ఒక సబ్‌స్టిట్యూషన్‌తో దాన్ని తీసేయండి. అటు పంపేటప్పుడు కూడా స్ట్రింగులు అతికించి ఎక్స్‌ఎమ్‌ఎల్ తయారు చేయొద్దు. కొనేవాళ్ల షాపు పేర్లలో ఫలానా & సన్స్ అని ఉంటుంది, ఆ ఒక్క & గుర్తు ఎస్కేప్ కాకపోతే లాట్ మొత్తం తిప్పికొడుతుంది. నోడ్‌లుగా కడితే లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ తనే చూసుకుంటుంది.

ఎల్‌డబ్ల్యూపీ టైమౌట్ మామూలుగా 180 సెకన్లు. మూడు నిమిషాలు స్క్రీన్ కదలకపోతే గుమాస్తా విండో మూసేస్తాడు, అది ఇంకో గొడవ. 10 పెట్టండి. ఇంకో మాట, వైరు ఊడిపోయినా, సర్వర్ ఆగిపోయినా ఎల్‌డబ్ల్యూపీ మీకు 500 (సర్వర్లో తప్పు అనే కోడ్) అనే చూపిస్తుంది, కానీ అది సర్వర్ ఇచ్చింది కాదు, ఎల్‌డబ్ల్యూపీ సొంతంగా తయారుచేసింది. క్లయింట్ వార్నింగ్ అనే హెడర్‌లో 'ఇంటర్నల్ రెస్పాన్స్' అని ఉంటుంది. అది చూసి గుమాస్తాకి 'కాటా కంప్యూటర్ దొరకట్లేదు, వైరు చూడండి' అని తెలుగులో మెసేజ్ ఇస్తే ఆయన మీకు ఫోన్ చేయకుండానే వైరు పెట్టుకుంటాడు.


ఆదోని_కాటా:

అన్నలందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఎన్‌కోడ్ లైను తీసేయగానే కోసిగి కోసిగిలా, పత్తి పత్తిలా వచ్చాయి. ఫైండ్‌నోడ్స్ పెట్టాక ఒక్క లాట్‌తో కూడా నడుస్తోంది. కనెక్షన్ మీద టైమౌట్ పెట్టి రెండు బ్రౌజర్లు తెరిచి వదిలేసి చూశాను, క్లయింట్ కొంచెం ఆగినా జవాబు తెచ్చుకుంటోంది. కడప అన్న చెప్పిన ఎస్‌క్యూలైట్ పని మొదలుపెట్టాను, అది అయ్యేదాకా అకౌంట్స్‌లోకి ఏదీ పంపను, గుమాస్తా స్క్రీన్ మీద చూపించడం వరకే.

ఇక చివరిది. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసేది కాటా దగ్గర ఉండే పెద్దాయన, ఆయన్ని స్క్రిప్ట్ స్టార్ట్ చేయమని అడగలేను. దానంతట అదే లేవాలి. ఇంకా మా వైఫై పాస్‌వర్డ్ వచ్చేపోయేవాళ్ల దగ్గర కూడా ఉంది, వాళ్ల ఫోన్లో ఎవరి ధర ఎంతో కనబడకూడదు.


బురుజు_కర్నూలు:

ధరలు బయటికి పోకూడదనే ఆలోచన సరైనది. హెచ్‌టీటీపీ డెమన్‌కి లోకల్ అడ్రస్ చెప్పకపోతే ఆ మెషిన్‌కి ఉన్న అన్ని నెట్‌వర్క్‌ల మీదా వింటుంది. కాటా కంప్యూటర్‌కి, లెక్కల కంప్యూటర్‌కి రౌటర్లో మారని ఐపీలు ఇవ్వు, డెమన్‌కి లోకల్ అడ్రస్‌గా కాటా ఐపీ రాయి. విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకి ఇన్‌బౌండ్ రూల్ పెట్టి, రిమోట్ అడ్రస్ దగ్గర లెక్కల కంప్యూటర్ ఐపీ ఒక్కటే రాయి. మొదటిసారి సర్వర్ నడిపినప్పుడు విండోస్ అడిగితే అలౌ నొక్కి ఉంటావు, అది పెర్ల్ ప్రోగ్రాంకి మొత్తంగా తలుపు తెరిచిన పాత రూల్, దాన్ని వెతికి తీసేయ్, అది ఉన్నంతకాలం కొత్త రూల్ పెట్టినా ఫలితం ఉండదు. వీలైతే ఆ రెండు కంప్యూటర్లనీ వైఫై నుంచి తీసి వైరు మీద పెట్టి, వచ్చేపోయేవాళ్లకి గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వు.

దానంతట అదే లేవడానికి టాస్క్ షెడ్యూలర్ చాలు. ట్రిగ్గర్ దగ్గర యట్ స్టార్టప్, యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడవాలి అన్నది ఎంచుకో. స్టార్ట్ ఇన్ గడిలో స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ రాయి, లేకపోతే నీ డేటా ఫైళ్ల కోసం ఇంకెక్కడో వెతుకుతుంది. సెట్టింగ్స్ ట్యాబ్‌లో మాత్రం తప్పకుండా చూడు, 3 రోజులకు మించి నడిస్తే టాస్క్ ఆపేయాలి అని ముందే టిక్ పెట్టి ఉంటుంది. రోజూ కంప్యూటర్ ఆపేస్తుంటే తెలియదు, సీజన్లో ఆపకుండా వదిలేసినప్పుడు నాలుగో రోజు పొద్దున సర్వీసు ఉండదు. ఆ టిక్ తీసేయ్. దాని పైనే ఫెయిలైతే మళ్లీ స్టార్ట్ చేయాలి అనే ఆప్షన్ ఉంది, దానికి 1 నిమిషం పెట్టు. ప్రతి రిక్వెస్ట్‌కీ టైము, అడిగిన ఐపీ, ఇచ్చిన లాట్ల సంఖ్య ఒక లాగ్ ఫైల్లోకి పోనీ, ఆటోఫ్లష్ (రాసింది వెంటనే ఫైల్లో పడేలా చేసేది) ఆన్ చేసి, లేకపోతే కరెంటు పోయినప్పుడు సరిగ్గా మనకు కావాల్సిన చివరి లైన్లే బఫర్లో పోతాయి.